ఇరవై అయిదో నంబరు తలుపు

దేవరకొండల, కొండమల్లేపల్లి రోడ్డు మీద
మా మేనత్త జిరాక్స్ దుకాణం. దాని వెనక అర్రల
లామినేషన్ మిషిన్ పక్కన, కాగితం రీముల మీద
కూసున్నది నా పోస్టాఫీసు.
బ్యాంకోళ్లు వేలంల అమ్మిన పాత కంప్యూటరు.
గాలి ఆడాలని ఒక డొక్క తెరిచే ఉంటది.
చుట్టూ చీమల చాక్‌పీసు గీత.

"ఉత్తగ దొరికే మెయిలు ఉండంగ
నీకెందుకే ఈ గోస?" అంటడు సైదులు మామ.
నల్లా ఉండంగ బోరెందుకో నన్నడుగుతడా,
రెండు బోర్లు దుమ్ము లేపి పోయినంక
మూడోసారి రిగ్గును పిలిచిన మనిషి?

మొదటి ఉత్తరం కల్వకుర్తిల ఫర్హానా టీచరుకు రాసిన.
మూడు రోజులు ఉలుకు లేదు, పలుకు లేదు.
నాలుగోనాడు ఫోన్ చేస్తే
"ఉన్నదమ్మా, చెత్తబుట్టల ఉన్నది,
లాటరీ తగిలిందన్నోనికీ
బట్టతలకు నూనె అమ్మేటోనికీ నడుమ."

పెద్దిండ్ల కాడ కావలి అట్లనే ఉంటదట.
పేరు చెప్తే నంబరు అడుగుతరు.
నంబరు చెప్తే, ఆ నంబరును పిలిచి పేరు అడుగుతరు.
రెండూ ఒక్క మాట మీద నిలబడాలె.
సంతకం ఉన్నదా, సంతకానికి తాళం ఉన్నదా,
ఇంతకుముందు మా గడప తొక్కినవా?

నాకు కొత్త కాదు.
దిల్‌సుఖ్‌నగర్‌ల అర్ర కిరాయికి అడిగిననాడు
పేరు చెప్పిన. మంచిగున్నదమ్మా, ఇంటిపేరు?
ఇంటిపేరు చెప్పిన. ఏ ఊరు?
ఊరు చెప్పిన.
ఊర్ల ఏ దిక్కు?
అర్ర నిన్ననే నిండిందట.

ఇక్కడ గూడ గంతే.
నాకు ఇవతల పదకొండో నంబరోడు
ఏనాడో దొంగ ఉత్తరాలు పంచిండట.
వాణ్ని నేను చూడలె, వాని మొఖం తెల్వది.
మచ్చ మాత్రం వాడకట్టు మొత్తానికి.
అర్జీ పెట్టుకున్న. "మీ అర్జీ అందినది" అని జవాబు.
కింద ఎవరి పేరూ లేదు.

రాత్రిళ్లు లాగ్ చదువుకుంట కూసుంట.
తెల్లారేదాంక నాలుగు వేలసార్లు
ఎవరో నా తలుపు గొళ్లెం కదిపి చూస్తరు.
అడ్మిన్ ఉన్నడా? సేల్స్ ఉన్నడా? టెస్ట్ ఉన్నడా?
ఎవ్వరూ లేరు నాయనా,
నేనొక్కదాన్ని, మా మేనత్త, మామ విత్తనాల బిల్లులు.

మొన్న మృగశిర గాలికి ట్రాన్స్‌ఫార్మర్ కాలింది.
ఇన్వర్టర్ రెండు గంటలు గుంజి చేతులెత్తేసింది.
పదకొండు గంటలు చీకటి.
ఇగ అయిపాయె అనుకున్న,
వచ్చిన ఉత్తరమల్లా తిరిగి పోతది, నాకు పేరు పోతది.

పోలేదు.
తలుపు తీయకుంటే తిట్టరట, తిరిగి పోరట.
కాసేపాగి మళ్ల తడతరు.
అరగంటకు, గంటకు, మళ్ల రాత్రికి,
తీస్తరేమో అని అయిదు రోజులు చూస్తరట.
చుట్టం గూడ గంత సేపు నిలబడడు.
ఈ మర్యాద ఎవరు రాసిండ్రో గని
నేను పుట్టకముందే రాసిండ్రు;
అడిగేటందుకు మనుషులు పెరిగినంక గూడ
దీన్ని కొట్టేయ మరిచిండ్రు.

తెల్లారి ఆరింటికి కరెంటొచ్చింది.
ఫ్యాను ఒక్కసారి దగ్గి తిరిగింది.
ఏడు ఉత్తరాలు, ఒకదెనక ఒకటి, చెప్పులిడిసి లోపలికి.
ఆరు పురుగుమందుల కంపెనీయి.
ఏడోది ఫర్హానా టీచరు:
"ఈసారి నీ ఉత్తరం ముందర అర్రలకే వచ్చింది.
ఏం రాసినవో ఇంకా చదవలె."

ఇంతల దుకాణంల నుంచి మేనత్త కేక.
ఎవరో ఆధార్ కార్డు పట్టుకొని నిలబడ్డరట,
ముందర, ఎనక, రెండు దిక్కులా తియ్యాలెనట.